బడికి వెళ్ళాల్సింది పిల్లలేనా?

మనలో చాలామందిమి బడి గుమ్మం ఎక్కేది ఏడాదికి రెండే రెండుసార్లు. జూన్‌లో పిల్లల్ని చేర్పించడానికి ఒకసారి. ఏదైనా గొడవ జరిగి కబురొస్తే ఇంకోసారి. మిగతా రోజుల్లో పొద్దున్నే లేపి, స్నానం చేయించి, జడలేసి, కేరేజీ కట్టి పంపిస్తే మన పని అయిపోయిందనుకుంటాం. సాయంత్రం వచ్చాక "ఇవాళ బడిలో ఏమయింది?" అని అడిగితే "ఏం లేదు" అంటారు. పొయ్యి మీద పప్పు మాడిపోతుందన్న తొందరలో మనమూ ఆ "ఏం లేదు"తోనే సరిపెట్టుకుంటాం.

అక్కడ బడిలో టీచరు పరిస్థితీ అంతే. "నిన్నెందుకు రాలేదు?" అని అడిగితే "ఒంట్లో బాగాలేదండి" అంటారు పిల్లలు. ముందున్న నలభైమందిని చూసుకోవాలి కనుక ఆవిడా దాంతోనే సరిపెట్టుకుంటుంది. ఇంట్లో ఒక జవాబు, బడిలో ఒక జవాబు. ఈ రెండింటి మధ్యన పిల్లల కష్టం ఎవరికీ కనపడకుండా పోతుంది. అందుకే ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి, బడికీ మనకీ ఉండాల్సిన రాకపోకల గురించి మాట్లాడుకుందాం.

ఎవరికి తెలిసింది వాళ్ళ దగ్గరే

మన పిల్లల గురించి మనకి తెలిసినవి టీచరుకి తెలియవు. రాత్రి దగ్గుతో నిద్రపోలేదని, వాళ్ళ నాన్న పనికోసం హైదరాబాద్ వెళ్ళిన దగ్గర్నుంచి దిగులుగా ఉంటోందని, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటాడని, లెక్కల పుస్తకం తీస్తేనే కడుపునొప్పి అంటాడని మనకి తెలుసు.

అలాగే టీచరుకి తెలిసినవి మనకి తెలియవు. మధ్యాహ్నం అన్నం సగం పారేస్తున్నాడని, బోర్డు మీద అక్షరాలు పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటున్నాడని, నిన్నటి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలితో మాటలు మానేసిందని ఆవిడకి తెలుసు.

టీవీకి దగ్గరగా కూర్చోవడం, పక్కవాడి పుస్తకంలో చూసి రాయడం - ఈ రెండు మాటలూ ఒకచోట చేరాయనుకోండి, పిల్లాడి కళ్ళు చూపించాలని ఎవరికైనా తడుతుంది. చేరకపోతే ఇంట్లో "టీవీ పిచ్చి" అని, బడిలో "కాపీ కొడతాడు" అని రెండు చోట్లా తిట్లే. పాపం, వాడికి కావలసింది కళ్ళజోడు!

మా వీధి అమ్మాయి సంగతి

మా ఆమదాలవలసలో మాకు నాలుగిళ్ళ అవతల ఒక పిల్ల ఉంది. తల్లీ తండ్రీ చెన్నైలో భవనాల పనికి వెళ్ళారు. పిల్ల మామ్మ దగ్గరే ఉండి చదువుకునేది. ఎనిమిదో తరగతి దాకా బాగానే చదివింది. తొమ్మిదిలోకి వచ్చాక వెనకబడడం మొదలుపెట్టింది. నెలకి నాలుగైదు రోజులు బడి మానేసేది. బడిలో "శ్రద్ధ లేదు" అన్నారు. ఇంట్లో మామ్మ "దీనికి సదువు మీద మనసు నేదు" అంది. చెన్నైలో ఉన్న తల్లిదండ్రులు ఫోన్‌లో ఈ మాటలు విని, ఇంక చదువు మాన్పించేసి తమ దగ్గరికి తీసుకుపోదామనుకున్నారు. సంబంధాల మాట కూడా వచ్చింది. ఆ పిల్లకి అప్పటికి పద్నాలుగేళ్ళు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ నాలుగు రోజులూ నెలసరి రోజులు. మామ్మ పాత పద్ధతి మనిషి. బయట చేరిన పిల్ల గడప దాటకూడదంటుంది. ఇది బడిలో ఎవరికీ తెలియదు. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఊడిపోయింది. శానిటరీ నాప్‌కిన్లు వచ్చేవి గానీ మగ మేష్టారి బీరువాలో ఉండేవి. వెళ్ళి అడగడానికి పిల్లలకి సిగ్గు. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. మామ్మ పొమ్మన్నా ఆ పిల్లకి వెళ్ళే ధైర్యం లేదు, బడిలో రమ్మన్నా మామ్మ పంపదు. ఇటు సగం, అటు సగం కలిసి ఒక పిల్ల చదువుని మింగేయబోయాయి.

నెలకి నాలుగు రోజులే కదా అనుకోకండి. పది నెలలకి 40 రోజులు. బడికి ఏడాదికి 220 పనిదినాలనుకుంటే దాదాపు ఐదో వంతు. వారానికో పాఠం అయిపోతున్న తరగతిలో ఐదో వంతు పాఠాలు పోతే ఎంత తెలివైన పిల్లయినా ఏం చేస్తుంది?

ఆ వీధిలోనే ఉండే ఒక వదిన గారు మామ్మని వెంటబెట్టుకుని ఒకరోజు బడికి వెళ్ళింది. మేష్టారితో కాకుండా లేడీ టీచరు దగ్గర కూర్చుని నెమ్మదిగా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ టీచరు మామ్మని తప్పుపట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగింది: "మామ్మా, పదో తరగతి పరీక్ష రోజునే మీ మనవరాలు బయట చేరిందనుకో. పరీక్షకి పంపుతావా, మానిపిస్తావా?" మామ్మ చాలాసేపు ఆలోచించింది. "పరీచ్చకి పంపాలి గదేటమ్మా" అంది చివరికి. "పరీక్షకి పనికొచ్చినప్పుడు పాఠానికి పనికిరాదా?" అంది టీచరు నవ్వుతూ.

ఆ వారంలోనే గడియ వేయించారు. నాప్‌కిన్లు లేడీ టీచరు దగ్గరికి మారాయి. ఇంట్లో మామ్మ దేవుడి గదిలోకి రావద్దంది గానీ బడికి వెళ్ళొద్దనలేదు. ఆ మాత్రం చాలు. పిల్ల ఫస్టు ర్యాంకులేమీ తెచ్చుకోలేదు. పదో తరగతి పాసయింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పెళ్ళి మాట వెనక్కి పోయింది. ఇంతకీ ఖర్చయింది ఎంత? ఒక గడియ, ఒక గంటసేపు మాటలు.

అన్నట్టు, 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలనెలా 10 నాప్‌కిన్లు ఇచ్చే 'స్వేచ్ఛ' పథకం మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో మొదలైంది. మీ పిల్ల బడిలో అందుతున్నాయా, అందితే ఎవరి దగ్గరుంటున్నాయి అని ఒకసారి కనుక్కోండి. అడగవలసింది పిల్లలు కాదు, మనమే.

ఇది వాళ్ళ దయ కాదు, మన హక్కు

"మనం వెళ్ళి అడిగితే టీచర్లు ఏమనుకుంటారో" అని జంకుతాం. అలా జంకక్కర్లేదు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టంలో టీచర్ల బాధ్యతలు రాశారు. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలని, పిల్లల హాజరు ఎలా ఉంది, ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నారు, ఎంత ముందుకి వెళ్ళారు అన్నవి చెప్పాలని 24వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అంటే మనం అడిగితే అది వాళ్ళ నెత్తిన కొత్త బరువు పెట్టడం కాదు.

అదే చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికీ, ప్రభుత్వ సాయం పొందే బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి నడిచే తీరు చూడడం, బడికి ఏమేం కావాలో ప్రణాళిక రాయడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడడం ఈ కమిటీ పని. మన రాష్ట్రంలో ఈ కమిటీలకి 2024 ఆగస్టు 8న ఎన్నికలు జరిగాయి. చాలాచోట్ల సభ్యురాలి పేరు ఆవిడది, మీటింగుకి వెళ్ళేది ఆయన! అలా కానివ్వకండి. మరుగుదొడ్డి గడియ ఊడిపోయిందని, మధ్యాహ్నం సాంబారు నీళ్ళలా ఉందని మనకి తెలిసినట్టు మగవాళ్ళకి తెలుస్తుందా చెప్పండి.

బడిలో పండగ

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిపారు. మెగా పీటీఎం అన్నారు. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి బాపట్లలో బడికి వెళ్ళి తల్లిదండ్రులతో కూర్చున్నారు. తల్లులకి ముగ్గుల పోటీలు, తండ్రులకి తాడు లాగే పోటీలు పెట్టారు. పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం తిన్నారు. 2025 జులై 10న రెండోసారి, 2025 డిసెంబర్ 5న మూడోసారి జరిగాయి. మూడోసారి ముఖ్యమంత్రి వెళ్ళింది భామినికి. 2022లో జిల్లాలు విడదీసేదాకా మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన భామినే అది.

ముగ్గులు మంచివే. ఎప్పుడూ బడి మెట్లెక్కని తల్లి ముగ్గు పేరుతోనైనా లోపలికి వచ్చింది. కానీ ముగ్గేసి, ఫొటో దిగి, భోంచేసి వచ్చేస్తే పండగకి వెళ్ళొచ్చినట్టే. అసలు పని పిల్లాడి తరగతి టీచరుతో ఓ పది నిమిషాలు కూర్చోవడం. ఆ రోజు జనం ఎక్కువ, తీరిక ఉండదు. అందుకని ఆ రోజు టీచరుని పలకరించి, "మళ్ళీ వారం ఏ రోజు వస్తే మీకు వీలవుతుందండీ?" అని అడిగి రండి. ఆ రెండోసారి వెళ్ళడమే అసలైన మీటింగు.

ప్రైవేటు బడుల్లో శనివారం మీటింగుల సంగతి మీకు తెలిసిందే. ప్రోగ్రెస్ కార్డు చేతిలో పెడతారు. మనం మార్కులు, ర్యాంకు చూసి, పక్కవాళ్ళ పిల్లకెన్నో చూసి, అక్కడే పిల్లాడి వంక గుడ్లురిమి వచ్చేస్తాం. ఫీజు కడుతున్నాం కనుక నేర్పే బాధ్యత వాళ్ళదే అనుకుంటాం. ఎంత ఫీజు కట్టినా, మీ పిల్లాడు రాత్రి నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని మీరు చెబితేనే వాళ్ళకి తెలుస్తుంది.

టీచరుని ఏమడగాలి?

"మావాడు ఎలా చదువుతున్నాడండీ?" అని అడిగితే "పర్వాలేదమ్మా, ఇంకా బాగా చదవాలి" అనే జవాబే వస్తుంది. దాంతో మీకు ఒరిగేదేమీ ఉండదు. విడివిడిగా అడగండి.

1. ఏ పాఠం దగ్గర ఆగిపోయాడు? లెక్కల్లో వెనక అనకుండా, లెక్కల్లో ఎక్కడ?

2. చదవగలుగుతున్నాడా, లేక విని అప్పజెబుతున్నాడా?

3. నెలలో ఎన్ని రోజులు రాలేదు? ఏయే రోజులు?

4. బోర్డు కనిపిస్తోందా, చెప్పింది వినిపిస్తోందా? ఏ బెంచీలో కూర్చుంటున్నాడు?

5. మధ్యాహ్నం తింటున్నాడా? ఎవరితో కూర్చుని తింటున్నాడు?

6. వాడు బాగా చేసేది ఏది?

7. ఇంట్లో నేను రోజూ ఓ పావుగంట ఏం చేయిస్తే మీకు సాయంగా ఉంటుంది?

మూడో ప్రశ్న మర్చిపోకండి. మానేసిన రోజుల్ని క్యాలెండరు మీద గుర్తుపెడితే కారణం దానంతటదే బయటపడుతుంది. ప్రతి సోమవారం మానేస్తే ఆదివారం ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోవాలి. పరీక్ష రోజే మానేస్తే భయం. నెలకోసారి వరసగా నాలుగు రోజులైతే పైన చెప్పిన సంగతే.

ఆరో ప్రశ్నకి జవాబు విన్నాక అది ఇంటికొచ్చి పిల్లాడికి తప్పక చెప్పండి. "మీ టీచరు నీ చేతిరాత బాగుందన్నారురా" అంటే ఆ పిల్లాడు ఆ రాత్రి పుస్తకం తీస్తాడు. తిట్లు మోసుకొచ్చినట్టే మెచ్చుకోళ్ళు కూడా మోసుకురావాలి.

ఏడో ప్రశ్నకి టీచరు "తీసివేతలో అప్పు తీసుకోవడం రావడం లేదమ్మా" అన్నారనుకోండి. మన వంటింట్లోనే బోలెడు లెక్కలున్నాయి. కిలో ఉల్లిపాయలు 60 రూపాయలైతే ముప్పావు కిలో ఎంత, 100 ఇస్తే తిరిగి ఎంత రావాలి అని వాడినే కొట్టుకి పంపండి. 45, 55 అని వాడే చెబుతాడు. మనకి ఇంగ్లీషు రాకపోయినా, కొత్త పుస్తకాలు అర్థం కాకపోయినా ఇది చెయ్యగలం.

మనం ఏం చెప్పాలి?

ఇంట్లో మనిషి పోయినా, ఆసుపత్రి పాలైనా, తండ్రి వలస వెళ్ళినా, మీరు ఇల్లు మారినా, చంటిపిల్ల పుట్టినా టీచరు చెవిన వెయ్యండి. అప్పులు, అత్తగారితో గొడవలు చెప్పక్కర్లేదు. "ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉందండీ, ఓ నెలపాటు దీన్ని కనిపెట్టుకుని ఉండండి" అంటే చాలు. పిల్లలకి ఫిట్స్, ఉబ్బసం, ఫలానా తిండి పడకపోవడం లాంటివుంటే కాగితం మీద రాసి, మందు పేరు, మీ ఫోన్ నంబరుతో సహా ఇవ్వండి.

మీ టీచరు ఈ మధ్యనే ఉద్యోగంలో చేరినవారైతే ఇది మరీ అవసరం. 2025 డీఎస్సీలో రాష్ట్రంలో వేలమంది కొత్త టీచర్లు వచ్చారు. వాళ్ళలో మన ఊరు, మన పనులు, మన పండగలు తెలియని వాళ్ళూ ఉంటారు. వరికోతల రోజుల్లో పిల్లలు ఎందుకు ఆవలిస్తారో మనం చెబితేనే కదా తెలిసేది.

జపాన్‌లో చిన్న తరగతుల పిల్లల సంచీలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టడం అలవాటు. ఇంట్లో సంగతి తల్లి రెండు ముక్కలు రాస్తే, బడిలో సంగతి టీచరు రెండు ముక్కలు రాస్తుంది. మనమూ పది రూపాయల పుస్తకం ఒకటి పెట్టుకోవచ్చు. "రాత్రి జ్వరం వచ్చింది. ఎండలో ఆడనివ్వకండి" - ఇంతే. వాట్సాప్ ఉంది కదా అంటారేమో. తరగతి గ్రూపులో వందమంది చూస్తారు. మన పిల్లల కష్టం అందరి ముందూ పెట్టకూడదు. గ్రూపు సెలవులకి, ఫీజులకి ఉంచండి.

కళ్ళు వదిలేసి ఒళ్ళంతా మీ ఇష్టమా?

"కళ్ళు రెండూ వదిలేసి మిగతా ఒళ్ళంతా మీ ఇష్టం మేష్టారూ" అని పిల్లల్ని అప్పజెప్పి వచ్చేవారు మన పెద్దలు. ఇప్పటికీ ఆ మాట అనే తండ్రులున్నారు. అది వద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం నిషిద్ధం. మనమే అనుమతి ఇచ్చేస్తే రేపు దెబ్బ తగిలినప్పుడు అడిగే నోరు మనకుండదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో రకం ఉన్నారు. పిల్లాడు ఏడుస్తూ రాగానే చుట్టాల్నందర్నీ వెంటేసుకుని బడి మీదికి వెళ్ళేవాళ్ళు. అక్కడ కేకలు, వీడియోలు. పెద్దవాళ్ళు రేపటికి మర్చిపోతారు. ఆ పిల్లాడు మాత్రం ఏడాదంతా ఆ తరగతిలోనే కూర్చోవాలి.

ముందు పిల్లాడి మాట పూర్తిగా వినండి. మర్నాడు ఇద్దరే వెళ్ళి టీచరు మాట వినండి. అక్కడ తేలకపోతే హెడ్‌మాస్టరు. అక్కడా తేలకపోతే యాజమాన్య కమిటీ, ఆపైన మండల విద్యాశాఖాధికారి. కాగితం మీద రాసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అయితే ఒళ్ళు కమిలేలా కొట్టినా, పిల్లలతో ఎవరైనా చెడుగా ప్రవర్తించినా మెట్లు ఎక్కుతూ కూర్చోకండి. "పరువు పోతుంది, సర్దుకుపోదాం" అనే వాళ్ళ మాట వినకండి. ఫోన్ నంబరు 1098 పిల్లల కోసమే ఉంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడపిల్లలకీ మగపిల్లలకీ కూడా వర్తిస్తుంది.

ఇంకొక్క మాట. పిల్లల ఎదురుగా టీచరుని తీసిపారేసి మాట్లాడకండి. "మీ టీచరుకేం వచ్చు" అని అన్నం పెడుతూ మనమంటే, మర్నాడు ఆ టీచరు చెప్పేది వాడి చెవికెక్కదు.

మన యాసకి సిగ్గుపడొద్దు

"నాకేటి తెల్సు, నాను సదువుకోనేదు, ఆళ్ళ ముందర ఏటి మాటాడతాను" అని వెనక్కి తగ్గే అమ్మలు మన వైపు చాలామంది. నేనూ ఇంటర్‌తో చదువు ఆపి కాపురానికి వచ్చినదాన్నే. అక్కడ మనల్ని వ్యాకరణం అడగరు. మన పిల్లల గురించి అడుగుతారు. అందులో మనకంటే చదువుకున్నవాళ్ళెవరు?

గిడుగు రామమూర్తి గారు మన జిల్లా మనిషే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో టీచరుగా పనిచేశారు. సవర పిల్లలకి చదువు చెప్పాలని తనే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాసి, వాళ్ళ కోసం బడులు పెట్టించారు. ఇంట్లో మాట్లాడే మాటకీ బడిలో మాటకీ మధ్య దూరం ఉండకూడదని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అంతటి మేష్టారు పుట్టిన గడ్డ మీద ఉండి, మన మాట మాట్లాడడానికి మనకి సిగ్గెందుకు?

నిజానికి ఈ తల్లిదండ్రుల సంఘాల ఆలోచన మొదట అమ్మలదే. అమెరికాలో 1897 ఫిబ్రవరిలో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్‌స్ట్ అనే ఇద్దరు ఆడవాళ్ళు వాషింగ్టన్‌లో తల్లుల మహాసభ పెట్టారు. అప్పటికి అక్కడ ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు హక్కు కూడా లేదు. ఆ మహాసభే పెరిగి పెరిగి తల్లిదండ్రుల, టీచర్ల సంఘంగా మారింది. ఓటు లేని రోజుల్లో వాళ్ళు బడి గురించి మాట్లాడగలిగితే, చట్టం చేతిలో ఉన్న మనం మాట్లాడలేమా?

అమ్మా నాన్నా ఊళ్ళో లేకపోతే

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది పెద్ద సమస్య. చెన్నై, హైదరాబాద్, విశాఖ పనులకి తల్లిదండ్రులు వెళ్ళిపోతే పిల్లలు మామ్మల దగ్గరా తాతల దగ్గరా ఉంటారు. అలాంటి ఇంట్లో ఫలానా వాళ్ళు బడికి వస్తారని బడిలో పేరు, ఫోన్ నంబరు రాయించండి. పిన్ని కావచ్చు, మేనత్త కావచ్చు, ఇరుగింటి వదిన కావచ్చు. అమ్మ దూరంగా ఉన్నా నెలకోసారి టీచరుకి ఫోన్ చెయ్యాలి, సాయంత్రం బడి వదిలాక. అలాంటి పిల్లలు మీ వీధిలో ఉంటే, మీ పిల్లాడి కోసం వెళ్ళినప్పుడు వాళ్ళ గురించి కూడా ఒక ముక్క అడగండి.

ఇక నాన్నల సంగతి. "పిల్లల చదువు మీ అమ్మే చూసుకుంటుంది" అని పేపరు చాటున దాక్కోనివ్వకండి. మూడు సార్లు మీరు వెళితే ఒకసారైనా ఆయన్ని పంపండి. నాన్న బడికి వచ్చిన రోజు పిల్లల మొహం ఎలా వెలుగుతుందో ఆయన కూడా చూడాలి.

టీచరు కష్టం కూడా చూద్దాం

ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడులు మనకి కొత్త కాదు. దానికి తోడు హాజరు ఫోన్‌లో ఎక్కించాలి, భోజనం లెక్కలు చూడాలి, అడిగిన కాగితాలన్నీ నింపాలి. అందుకే పాఠం నడుస్తుండగా కిటికీ దగ్గర నిలబడి పిలవకండి. ముందు అడిగి వెళ్ళండి, పది నిమిషాల్లో ముగించండి. మంచి జరిగినప్పుడు కూడా వెళ్ళండి. "మీరు చెప్పాక మా పిల్ల గుణింతాలు రాస్తోందండీ" అని ఎవరైనా వచ్చి చెబితే ఏ టీచరుకి సంతోషంగా ఉండదు?

ఈ వారం మీరు చెయ్యవలసింది ఇదే. మీ పిల్లల తరగతి టీచరు పేరేమిటో పిల్లల్ని అడగండి. పేరు తెలియకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టాలన్నమాట. పైన చెప్పిన ఏడు ప్రశ్నల్లో మీకు కావలసిన మూడు ఒక కాగితం మీద రాసుకోండి. వంట త్వరగా ముగించుకుని, బడి వదిలే వేళకి ఓ పావుగంట ముందు వెళ్ళండి. పక్కింటావిణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. ఆవిడకీ పిల్లలున్నారు.